అభ్యాస నగరంలో పేరు నమోదు కాని పిల్లల గురించి: వరంగల్ నగర పాలకులకు బహిరంగ లేఖ

గ్రేటర్ వరంగల్ మహా నగరపాలక సంస్థ ప్రజాప్రతినిధులకు, అధికారులకు, వరంగల్, హనుమకొండ జిల్లాల కలెక్టర్లకు, విద్యాశాఖాధికారులకు నమస్కరించి వ్రాయునది.

నేను ముప్పై ఒక్క ఏళ్లపాటు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసి ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న ఒక గుడిసెల వాడలో ఆరేళ్లుగా, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది గంటల వరకు, బడికి పోని పిల్లలకు, పోయినా అక్షరం పట్టుబడని పిల్లలకు చదువు చెబుతున్నాను. ఈ లేఖలో చాలా సంగతులు ప్రస్తావనకు వస్తాయి గాని, నేను మిమ్మల్ని అడుగుతున్నవి ప్రధానంగా రెండే. నగరంలోని ప్రతి డివిజన్‌లో పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరినీ పేరుపేరునా ఒక పుస్తకంలో రాయించండి. ఆ పుస్తకంలోని పేద పిల్లలు సాయంత్రం రెండు గంటలు కూర్చుని చదువుకునే చోటును వాళ్ల వాడలోనే ఇప్పించండి.

2022 సెప్టెంబర్‌లో యునెస్కో మన వరంగల్‌ను అభ్యాస నగరాల ప్రపంచ వేదికలోకి తీసుకున్న వార్త చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ ఏడాది 44 దేశాల నుంచి 77 నగరాలు అందులో చేరితే, మన దేశం నుంచి కేరళలోని త్రిసూర్, నిలంబూర్‌లతోపాటు మన ఊరి పేరు ఉంది. అంతకు ముందటి ఏడాదే రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చి ఉండటంతో, ఆ రెండు వార్తలనూ కత్తిరించి మా తరగతి గోడకు పక్కపక్కనే అంటించాను. అభ్యాస నగరం అంటే ఊళ్లోని ప్రతి మనిషికీ, ఏ వయసులోనైనా, ఇంటి దగ్గరా పని దగ్గరా కూడా నేర్చుకునే వీలు కల్పించేందుకు తన శక్తియుక్తులన్నీ వెచ్చిస్తానని మాట ఇచ్చిన నగరం. ఆ మాటను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. ఈ లేఖ రాయడానికి ఆ నమ్మకమే కారణం.

మా తరగతికి వచ్చే ఒక పాప గురించి చెబితే తప్ప నా విజ్ఞప్తి మీకు పూర్తిగా అర్థం కాదనిపిస్తున్నది. ఆ పాపకు తొమ్మిదేళ్లు. తల్లి మిర్చి పనికి పోతుంది. మిర్చి మార్కెట్‌కు వచ్చే కాలంలో, ముఖ్యంగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, మా వాడలో సగం ఇళ్లకు ఆధారం మిరపకాయల ముచ్చికలు (తొడిమలు) తీసే పనే. కూలి కిలోల లెక్కన వస్తుంది కనుక ఎన్ని చేతులు పనిచేస్తే అంత కూలి. ఒక సాయంత్రం ఆ పాప పలక మీద ఎంత రాసినా బలపం జారిపోతున్నది, అక్షరం పడటం లేదు. దగ్గరికి పోయి చూస్తే పలక నిండా నూనె వేలిముద్రలు. మిర్చి ఘాటుకు చేతులు మండుతుంటే తల్లి కొబ్బరినూనె రాసి పంపింది. ఆ చేతులతో కళ్లు తుడుచుకుంటే ఏమవుతుందో తెలుసు కనుక, చెమట కంట్లోకి కారుతున్నా తుడుచుకోకుండా మోచేయి ఎత్తి భుజానికి రాసుకుంటున్నది.

"ఇయ్యాల అమ్మ పద్దెనిమిది కిలోలు దీసింది టీచర్, నేను ఏడు దీసిన" అన్నది. మొత్తం ఎన్ని అని అడిగితే వేళ్లు ముడవకుండానే ఇరవై ఐదు అన్నది. రాసి చూపించమంటే కొంచెం ఆలోచించి, నిలువు గీతలు గీయడం మొదలుపెట్టింది. నాలుగు నిలువు గీతలు, వాటిని కలుపుతూ ఒక అడ్డగీత. అట్లా ఐదు కట్టలు. మార్కెట్‌లో బస్తాలు దించేటప్పుడు లెక్క రాసే పద్ధతి అది. ఎవరూ నేర్పకుండా చూసి నేర్చుకున్నది. ఆ గీతల కట్టలను రెండేసి చొప్పున జతచేసి పదులుగా మార్చి, రెండు పదులు, ఒక ఐదు అని చూపించి, 25 అని రాయడం నేర్పడానికి నాకు పావుగంట కూడా పట్టలేదు. ఈ పిల్ల బుద్ధిలో ఏ లోపమూ లేదు. ఆ పిల్ల ఉన్న గుడిసె నుంచి ప్రాథమిక పాఠశాల గేటు అర కిలోమీటరు కూడా ఉండదు. అయినా రెండేళ్లుగా ఏ హాజరు పట్టికలోనూ ఆమె పేరు లేదు.

దూరం లేదు, ఫీజు లేదు, మధ్యాహ్న భోజనం ఉంది, పుస్తకాలూ ఏకరూప దుస్తులూ ఉచితంగా ఇస్తున్నారు, మరి ఈ పిల్లలు బడికి ఎందుకు రారు అని చాలామంది పెద్దలు నన్ను అడుగుతుంటారు. తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదనే సమాధానం వాళ్ల దగ్గర సిద్ధంగా ఉంటుంది. ఆరేళ్లుగా ఆ గుమ్మాల ముందు కూర్చుని మాట్లాడిన అనుభవంతో చెబుతున్నాను, అది నిజం కాదు. చదువు వద్దన్న తల్లి నాకు ఒక్కరూ కనబడలేదు. "పొద్దుగాల ఆరింటికే పనికి పోవాలె టీచరమ్మా, సంటిపోరణ్ని ఎవల మీద ఇడిసి పోను?" అన్న తల్లులు మాత్రం ఎంతోమంది కనబడ్డారు. పదేళ్ల అక్క చంకలో ఏడాదిన్నర తమ్ముడు ఉన్నంతకాలం ఆ అక్కకు బడి లేదు. అంగన్‌వాడీ కేంద్రం ఉదయం ఆరుకు తెరవదు, సాయంత్రం ఆరు దాకా ఉండదు. అక్టోబర్ నుంచి పత్తి ఏరే కాలం. కుటుంబాలకు కుటుంబాలే పల్లెలకు పోయి వారాల తరబడి చేన్ల దగ్గరే ఉంటాయి. తిరిగి వచ్చేసరికి పిల్లవాడు పాఠాల్లో వెనుకబడతాడు, తరగతిలో సిగ్గుపడతాడు, నాలుగు రోజులు పోయి మానేస్తాడు. పదకొండేళ్ల పిల్లవాణ్ని అక్షరాలు రాలేదని చెప్పి ఒకటో తరగతి పిల్లల మధ్య కూర్చోబెడితే, చుట్టూ ఉన్న ఆరేళ్ల పిల్లలు నవ్వుతుంటే, వాడు ఎన్ని రోజులు కూర్చుంటాడు?

ఇక కాగితాల సంగతి. 2023 జూలై వరదల్లో మా వాడలో నడుము లోతు నీళ్లు నిలిచాయి. రేకుల పెట్టెల్లో దాచుకున్న ఆధార్ కార్డులు, పుట్టిన తేదీ పత్రాలు, రేషన్ కార్డులు ముద్దయిపోయాయి. నీళ్లు తీసిన తరువాత ఒక తల్లి ఆ ముద్దను ఎండలో ఆరబెట్టి, పొరలు పొరలుగా విడదీయబోతే చేతిలోనే చిరిగిపోవడం నేను కళ్లారా చూశాను. ఆ తరువాత వేరే వాడకు మారిన ఆ కుటుంబం తమ బిడ్డను చేర్పించడానికి పోయినప్పుడు, ఆధార్ లేనిదే ఆన్‌లైన్‌లో పేరు ఎక్కదని, పాత బడి నుంచి టీసీ తెమ్మని తిప్పిపంపారు. ఆ మాట చెప్పిన వారిని నేను తప్పుపట్టబోవడం లేదు. పైనుంచి అడిగే వివరాలు పూర్తి చేయలేక ఒక్కో ప్రధానోపాధ్యాయుడు పడే అవస్థ నాకు తెలుసు. అయినా చట్టం మాట వేరుగా ఉంది. విద్యాహక్కు చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో ఏ పిల్లనూ చేర్చుకోకుండా ఉండరాదు. 5వ సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని కూడా నిరాకరించరాదు. 15వ సెక్షన్ ప్రకారం విద్యా సంవత్సరం మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి. 2018 సెప్టెంబర్ 26న ఆధార్ కేసులో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు బడిలో చేరికకు ఆధార్ తప్పనిసరి కాదని స్పష్టం చేసింది. ఈ నాలుగు మాటలను ఒక కాగితం మీద తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో ముద్రించి, నగరంలోని ప్రతి పాఠశాల గేటు మీద అంటించే పనికి పెద్ద ఖర్చేమీ ఉండదు. ఆ కాగితం ఉంటే ఆ తల్లి దాన్ని చూపించి మాట్లాడగలిగేది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఆ చట్టంలోనే 9వ సెక్షన్ ఉంది. స్థానిక సంస్థ చేయవలసిన పనులను అది ఒక్కొక్కటిగా చెబుతుంది. నగరపాలక సంస్థ కూడా స్థానిక సంస్థేనని అదే చట్టం నిర్వచించింది. తన పరిధిలో నివసించే పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరి వివరాలు రికార్డుగా ఉంచడం, ప్రతి బిడ్డా చేరిందా, బడికి వస్తున్నదా, చదువు పూర్తిచేసిందా అని కనిపెట్టి ఉండటం, వలస వచ్చిన కుటుంబాల పిల్లలను కూడా చేర్పించడం స్థానిక సంస్థ బాధ్యతలు. బడి గోడల లోపలి పిల్లల లెక్క విద్యాశాఖ దగ్గర ఉంటుంది. గోడ బయట ఉన్న పిల్ల లెక్క ఎవరి దగ్గర ఉండాలి అన్న ప్రశ్నకు చట్టం ఇచ్చిన సమాధానం స్థానిక సంస్థ. ఏటా జూన్‌లో పిల్లలను బడిలో చేర్పించే బడిబాట కార్యక్రమం సందర్భంగా ఉపాధ్యాయులు ఇల్లిల్లూ తిరుగుతారు. నేనూ ఎన్నో ఏళ్లు తిరిగాను. కాని మేము పోయే సమయానికి తాళాలు వేసి ఉన్న గుడిసెలు ఎన్నో ఉండేవి. పగటిపూట ఇంట్లో ఎవరు ఉంటారు? పనిదినాన పదకొండు గంటలకు పోయి తలుపు తట్టే లెక్కలో దొరకని పిల్లలే ఎక్కువ అవసరంలో ఉన్న పిల్లలు. పైగా నగరం ఇప్పుడు రెండు జిల్లాల్లో పరచుకొని ఉంది. ఒక అడ్డా కూలీ కుటుంబం ఎనుమాముల నుంచి మడికొండ వైపు గుడిసె మార్చుకుంటే ఊరు మారదు గాని జిల్లా మారుతుంది. ఒక విద్యాధికారి పరిధి నుంచి మరో విద్యాధికారి పరిధిలోకి పోతుంది. రెండు జిల్లాలకూ ఉమ్మడిగా ఉన్నది నగరపాలక సంస్థ ఒక్కటే. అందుకే ఈ పుస్తకం మీ దగ్గర ఉండాలని పట్టుబడుతున్నాను.

66 డివిజన్లలో ఈ పని చేయడానికి కొత్త సిబ్బంది అక్కర లేదు. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా పరిధిలోని మహిళా సంఘాల సమాఖ్యలకు వాడవాడనా రిసోర్స్ పర్సన్లు అనే ఆర్‌పీలు ఉన్నారు. ఏ ఇంట్లో ఎవరు అప్పు కట్టారో, ఎవరు కట్టలేదో వాళ్లకు నోటికి వచ్చు. ఆశా కార్యకర్తకు ఏ ఇంట్లో ఏ నెలలో కాన్పు అయిందో తెలుసు. అంగన్‌వాడీ టీచర్‌కు ఐదేళ్ల లోపు పిల్లలందరూ తెలుసు. ఈ ముగ్గురినీ ఒక ఆదివారం సాయంత్రం ఒకచోట కూర్చోబెడితే, ఆ వాడలో బడికి పోని ప్రతి బిడ్డ పేరూ, తల్లి పేరూ, పోకపోవడానికి కారణమూ రెండు గంటల్లో కాగితం మీదికి వస్తాయి. మా వాడలో మేము అట్లాగే రాశాము. కారణం అనే గడి చాలా ముఖ్యమని మాత్రం మనవి చేస్తున్నాను. 'బడి మానేసింది' అని రాస్తే ఆ వివరంతో ఎవరూ ఏమీ చేయలేరు. 'తమ్ముణ్ని చూసుకుంటున్నది', 'టీసీ లేదు', 'పత్తికి పోయి వచ్చింది', 'కళ్లు సరిగా కనబడవు', 'మాటలు అర్థం కావు' అని రాసి ఉంటే ఏ పిల్ల విషయంలో ఎవరి దగ్గరికి పోవాలో తెలుస్తుంది. మా పుస్తకంలో కళ్లు కనబడవని రాసిన ఒక పిల్లవాడికి కావలసింది అద్దాలే. అవి పెట్టుకున్న వారానికి ఒత్తులకూ గుణింతాలకూ తేడా గుర్తుపట్టాడు. అంతకుముందు రెండేళ్లు వాణ్ని మొద్దు అన్నారు.

పేర్లు రాసిన తరువాత ఆ పిల్లలను నేరుగా తీసుకుపోయి తరగతిలో కూర్చోబెడితే నిలవరు. చట్టం ఇది కూడా ముందే ఆలోచించింది. 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగిన తరగతిలో చేర్చి, తోటి పిల్లలను అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. కేంద్రం రూపొందించిన నమూనా నియమాల ప్రకారం ఆ శిక్షణ కనీసం మూడు నెలలు, అవసరమైతే రెండేళ్ల దాకా. పద్నాలుగేళ్లు దాటినా ఎనిమిదో తరగతి దాకా ఉన్న ప్రాథమిక విద్య పూర్తయ్యేదాకా ఉచితంగా చదివే హక్కు అట్లా చేరిన పిల్లలకు ఉంటుంది. జాతీయ బాల కార్మిక ప్రాజెక్టు కింద నడుస్తూ వచ్చిన ప్రత్యేక శిక్షణ కేంద్రాల బాధ్యత 2021 ఏప్రిల్ నుంచి పాఠశాల విద్యా పథకమైన సమగ్ర శిక్షలో కలిసింది. కలిసిన తరువాత ఆ పని వాడ దాకా చేరాలంటే వాడలో ఒక చోటు, ఒక మనిషి ఉండాలి. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరిట పోలీసులు, అధికారులు ఎంతో శ్రమపడి పనిలో ఉన్న పిల్లలను విడిపించి తెస్తారు. విడిపించిన పిల్లవాణ్ని తల్లిదండ్రులకు అప్పగించిన మరునాటి నుంచి వాడు పలక పట్టుకునేదాకా వెంట ఉండే మనిషి కూడా అవసరమే.

మన రాష్ట్రంలోనే ఈ పని చేసి చూపిన వారు ఉన్నారు. శాంతా సిన్హా గారి నాయకత్వంలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా పల్లెల్లో బడి బయట ఉన్న ప్రతి బిడ్డనూ బాల కార్మికురాలిగానే లెక్కించాలని, పనిచేసే పిల్లలకు వేరే రాత్రి బడి పెట్టి సరిపెట్టకుండా పని మాన్పించి పూర్తి సమయపు బడికే పంపాలని పట్టుబట్టింది. మధ్యలో వారధిగా బ్రిడ్జి కోర్సు శిబిరాలు నడిపింది. ఆ కృషికే ఆమెకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. ఆ వాదనతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. నా సాయంత్రపు తరగతి బడికి ప్రత్యామ్నాయమని ఏనాడూ చెప్పలేదు, చెప్పను. పగలంతా ముచ్చికలు తీసి సాయంత్రం రెండు గంటలు చదివితే చాలని ఏ బిడ్డ విషయంలోనైనా అనుకుంటే అది ఆ బిడ్డకు అన్యాయం చేసినట్లే. బడికి పోవడానికి భయం పోగొట్టడం, పోయిన తరువాత జారిపోకుండా పట్టుకోవడం, ఈ రెండే మా తరగతి పనులు. మా దగ్గర కూర్చున్న పిల్లల్లో ఎక్కువమంది ఇప్పుడు పగలు బడికి పోతున్నారు, సాయంత్రం మా దగ్గరికీ వస్తున్నారు. పగటి బడిలో అర్థం కానిది ఇంట్లో అడగడానికి వాళ్లకు ఎవరూ లేరు. డబ్బున్న ఇళ్లలోని పిల్లలు ట్యూషన్‌కు పోతారు.

ఇంతకూ ఏం చెబుతారు అని అడిగేవారి కోసం కొంచెం వివరిస్తాను. అఆలతో మొదలుపెట్టము. పిల్లలు రోజూ చూసే రాతతో మొదలుపెడతాము: బస్సు బోర్డులు, కిరాణా దుకాణం పేరు, మందుల అట్ట, రేషన్ దుకాణం ముందు రాసిన స్టాకు పట్టిక, ఎంజీఎం ఆసుపత్రి ఓపీ చీటీ. ఒకసారి ఒక పిల్లవాడు తాతకు రాసిచ్చిన చీటీ తెచ్చాడు. దాని మీద ముద్రించిన తెలుగు అక్షరాలను కూడబలుక్కుని చదివి, ఎన్నో నంబరు గదికి పోవాలో తెలుసుకుని, మరునాడు తాతను చేయి పట్టుకుని తీసుకుపోయి వచ్చాడు. ఆ రోజు నుంచి వాళ్ల ఇంట్లో వాడి చదువుకు ఉన్న గౌరవం వేరు. లెక్కలకు కిలోలు, కూలి, అప్పు, మిత్తి (వడ్డీ) ఉండనే ఉన్నాయి. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి ఎంతో పదకొండేళ్ల పిల్ల లెక్కకట్టి చెప్పినప్పుడు తల్లి ముఖంలో చూసిన ఆశ్చర్యం నేను మరిచిపోలేను. ప్రభుత్వం 2022 ఆగస్టులో ప్రాథమిక తరగతుల కోసం ప్రారంభించిన తొలిమెట్టు కార్యక్రమంలోని స్థాయి పరీక్షలు, అభ్యాసాలు మాకు చాలా ఉపయోగపడ్డాయి. ఏ పిల్ల అక్షరం దగ్గర ఉంది, ఏ పిల్ల పదం దగ్గర ఉంది, ఏ పిల్ల వాక్యం దగ్గర ఉంది అని చూసుకుని, వయసుతో పనిలేకుండా జట్లుగా కూర్చోబెడతాము.

భాష సంగతి వేరుగా చెప్పాలి. మా తరగతిలో తెలుగు, ఉర్దూ, లంబాడీ మాట్లాడే పిల్లలు ఉన్నారు. రైస్ మిల్లుల్లో పనికి వచ్చిన బీహార్ కుటుంబాల పిల్లలు, భవన నిర్మాణానికి వచ్చిన ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కుటుంబాల పిల్లలు ఉన్నారు. ఒక ఒడియా పిల్లవాడు మొదటి నెలంతా నోరు విప్పలేదు. మూగవాడేమో అనుకున్నాము. ఒకనాడు వాళ్ల చెల్లె వచ్చి పక్కన కూర్చుంటే ఇద్దరూ గలగలా మాట్లాడుకున్నారు. సాధ్యమైనంత వరకు పిల్లల మాతృభాషలోనే బోధించాలని చట్టంలోని 29వ సెక్షన్ చెబుతున్నది. పెద్దపల్లి, కరీంనగర్ ప్రాంతాల్లోని ఇటుక బట్టీల దగ్గర ఒడియా పిల్లల కోసం వాళ్ల భాష తెలిసిన బోధకులతో పని ప్రదేశ పాఠశాలలు నడిపిన అనుభవం మన ఉత్తర తెలంగాణకు ఉంది. ఇటుక బట్టీ వలసల్లో భార్యాభర్తలతోపాటు పిల్లల చేతులనూ కలిపే ఒక జట్టుగా లెక్కవేసి అడ్వాన్సులు ఇస్తారు కాబట్టి, ఆ పిల్లలు బడికి పోవాలంటే బట్టీ యజమానితో మాట్లాడే అధికారం ఉన్నవారు ముందుకు రావాలి. నాలాంటి వారి మాట అక్కడ చెల్లదు. నగరం చుట్టూ ఉన్న బట్టీలు, మిల్లులు, కట్టుబడి స్థలాల దగ్గరి పిల్లల పేర్లను కూడా ఈ పుస్తకంలో చేర్చమని కోరుతున్నాను. ఆరు నెలలే ఉంటారు కదా, ఎందుకు అని వదిలేయవద్దు. ఇక్కడ ఆరు నెలలు, అక్కడ ఆరు నెలలు అంటూ రెండు రాష్ట్రాలూ వదిలేసిన పిల్లలు వాళ్లు.

మా తరగతి మొదటి మూడేళ్లు వేపచెట్టు కింద నడిచింది. వానాకాలంలో పోచమ్మ గుడి అరుగు మీదికి మారేది. ఇప్పుడు ఒక పెద్దమనిషి తన గోదాములో ఒక మూల ఇచ్చారు. పంట మార్కెట్‌కు వచ్చే కాలంలో బస్తాలు నింపుతారు కనుక నాలుగు నెలలు మళ్లీ చెట్టు కిందికే. మా వాడకు రెండు వీధుల అవతల ప్రజాధనంతో కట్టిన కమ్యూనిటీ హాలు ఉంది. పెళ్లిళ్ల రోజుల్లో తప్ప ఎప్పుడూ తాళం వేసే ఉంటుంది. తాళంచెవి కోసం రెండేళ్లలో నాలుగుసార్లు దరఖాస్తు ఇచ్చాను. ఇవ్వము అని ఎవరూ అనలేదు, ఇస్తామనీ అనలేదు. మీ పరిధిలోని ప్రతి కమ్యూనిటీ హాలును, సాయంత్రాలు ఖాళీగా ఉండే ప్రతి పాఠశాల గదిని రోజుకు రెండు గంటలు పిల్లల చదువుకు తెరిచి ఉంచాలని ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. ఒక ట్యూబ్‌లైటు, ఒక ఫ్యాను, తాగే నీళ్లు, ఆడపిల్లలకు తలుపు గడియ పడే మరుగుదొడ్డి ఉంటే చాలు. చెట్టు కింద చదువుకున్నన్నాళ్లూ పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లలను తల్లులు పంపలేదు. చీకటి పడ్డాక వెలుతురు లేని చోటికి ఆడపిల్లను పంపకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు.

చదువు చెప్పే మనిషి గురించి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. 1959లో రీజినల్ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైన నేటి ఎన్ఐటీ, 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం, వైద్య కళాశాల, ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చే డైట్ వంటి సంస్థలు ఉన్న ఊరు మనది. ఆ విద్యార్థులు ఆదరంగా వస్తారు, బాగా చెబుతారు, వాళ్లను చూసి పిల్లలు ఎంతో ఉత్సాహపడతారు. అయితే పరీక్షలు రాగానే రారు, చదువు పూర్తికాగానే వెళ్లిపోతారు. అన్న ఎందుకు రాలేదని పిల్లలు వారాల తరబడి అడుగుతుంటే జవాబు చెప్పలేక నేను ఇబ్బందిపడ్డాను. కాబట్టి సాయంత్రపు చదువు కేంద్రానికి ప్రధాన బోధకురాలు ఆ వాడలోనే ఇంటర్ పాసై ఇంట్లో కూర్చున్న అమ్మాయి కావాలి. ఏ ఇంట్లో తండ్రి తాగి వచ్చాడో, ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో ఆమెకు తెలుస్తుంది. బిడ్డ రెండు రోజులు రాకపోతే గుమ్మం ముందు నిలబడి పిలుస్తుంది. ఆమెకు నెలనెలా తప్పకుండా అందే గౌరవ వేతనం, డైట్ వారి ద్వారా శిక్షణ ఇప్పించండి. కళాశాల విద్యార్థులు ఆమెకు సహాయకులుగా వస్తే చాలా మేలు. సేవ పేరుతో ఆ అమ్మాయి చేత ఉచితంగా పనిచేయించే ఆలోచన మాత్రం చేయవద్దని వేడుకుంటున్నాను. ఆ ఇంటికి కూడా ఆదాయం కావాలి. ఇప్పుడు నాతోపాటు చెబుతున్న అమ్మాయికి నా పింఛను నుంచి కొంత ఇస్తున్నాను. రేపు నేను లేకపోతే అది ఆగిపోతుంది.

పుస్తకాల కోసం కూడా దూరం పోనక్కర లేదు. మనం ఆస్తి పన్నుతోపాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాము. జిల్లా గ్రంథాలయ సంస్థలతో మాట్లాడి, ఒక్కో కేంద్రానికి వంద బొమ్మల పుస్తకాలున్న పెట్టె ఒకటి ఇప్పించి, మూడు నెలలకోసారి పెట్టెలను ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి మార్పిస్తే నగరమంతటికీ కొద్ది పెట్టెలే సరిపోతాయి. 1904లోనే హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయాన్ని నెలకొల్పుకున్న గడ్డ ఇది. నిజాం కాలంలో సర్కారు బడి అందని చోట ప్రజలు చందాలు వేసుకుని ఖాన్గీ (ప్రైవేటు) బడులు నడుపుకున్నారు. వాటికి సర్కారు అనుమతి తప్పనిసరి అన్న ఆంక్షలను ఎత్తివేయాలని ఆంధ్ర మహాసభ పెద్దలు అర్జీలు పెట్టుకోవలసి వచ్చింది. ఇవాళ మనకు ఏ ఆంక్షలూ లేవు. చట్టమే మీ వైపు ఉంది, పిల్లల వైపు ఉంది. మా తాత ఒక ఖాన్గీ బడిలో రాత్రిపూట బుడ్డి దీపం ముందు చదువుకున్నాడు, ఆయన చదువు వల్లనే నేను టీచర్‌నయ్యాను. ఆ కారణంగానే ఈ విషయంలో నాకు కొంచెం పట్టుదల ఎక్కువ.

జూన్ 12న బడులు తెరుస్తారు, బడిబాట ఆ దినాల్లోనే జరుగుతుంది. అంతకు ముందే, మే నెలలో, మిర్చి పని తగ్గి కుటుంబాలు ఇళ్ల దగ్గర ఉండే రోజుల్లో, సాయంత్రం ఏడు గంటల తరువాత ఈ పేర్ల నమోదు జరిపించండి. మొదట పది వాడల్లో మొదలుపెట్టినా మంచిదే. అందరికన్నా పేద వాడలు పది ఎంచుకోండి. బిడ్డను చేర్చుకోలేదని ఎవరైనా తల్లి రాతపూర్వకంగా స్థానిక సంస్థకు ఫిర్యాదు చేస్తే మూడు నెలల లోపు పరిష్కరించాలని 32వ సెక్షన్ చెబుతున్నది. ఆ ఫిర్యాదు తీసుకోవడానికి డివిజన్ కార్యాలయంలో ఒకరిని నియమించి, వారి పేరు బోర్డు మీద రాయించండి. తల్లికి రాయడం రాకపోతే ఆ అధికారే రాసుకోవాలి.

మా వాడ పుస్తకం నా దగ్గర ఉంది. రెండు వందల పేజీల రూళ్ల నోటుబుక్కు. 2023 వరద రోజున గోదాము నుంచి అన్నిటికన్నా ముందు నాతోపాటు చదువు చెప్పే అమ్మాయి దాన్నే సంచీలో చుట్టి నెత్తిన పెట్టుకుని బయటికి వచ్చింది. అందులో ఇప్పటికి నలభై మూడు పేర్లు ఉన్నాయి. ఇరవై తొమ్మిది పేర్ల పక్కన బడిలో చేరిన తేదీ రాసి ఉంది, పద్నాలుగు పేర్ల పక్కన ఖాళీగా ఉంది. ముచ్చికలు తీసే ఆ పాప పేరు పదిహేడో పేజీలో, ఖాళీ వాటిలో ఉంది. మీరు ఏ రోజు, ఏ సమయానికి రమ్మంటే ఆ సమయానికి ఆ పుస్తకం తీసుకుని, వీలైతే ఆ తల్లులలో ఇద్దరినైనా వెంటబెట్టుకుని వస్తాను. వాళ్లకు ఒక రోజు కూలి పోతుంది కనుక, దయచేసి సాయంత్రం సమయం ఇవ్వగలరు.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
వరంగల్